కాంటెస్ట్‌లో ఫిల్టర్ ఎంత వెడల్పు పెట్టాలి?

చిరంజీవి అల్లుడికి,

బరంపురం నుంచి మావయ్య ఆశీస్సులు. నవంబరు ఆఖరి వారాంతంలో జరిగే హామ్ రేడియో మోర్స్ పోటీ, సీక్యూ వరల్డ్ వైడ్ సీడబ్ల్యూకి పర్లాకిమిడి నుంచి కూర్చుంటున్నానని రాశావు, సంతోషం. కొత్త రిగ్‌లో (రేడియో సెట్‌లో) పక్క సిగ్నళ్లని కోసేసే ఫిల్టర్ 50 హెర్ట్జ్ దాకా బిగుస్తుందని తెగ మురిసిపోయావు. ఆ 50 జోలికి పోకు. నిమిషానికి 30 పదాల మోర్స్‌కి సుమారు 100 హెర్ట్జ్ వెడల్పు కావాలి. అంతకన్నా బిగిస్తే చుక్కలూ గీతలూ గంట మోగినట్టు గింగురుమని ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

నువ్వు సీక్యూ (ఎవరైనా రండి అని) పిలుస్తున్నంతసేపూ 400 నుంచి 500 మధ్య ఉంచు. మన దేశమూ, మనం ఉన్న జోన్ 22 కూడా స్కోరుని హెచ్చవేసే మల్టిప్లయర్లే కదా, జనం ఎగబడతారు. క్లస్టర్‌లో (ఎవరు ఏ ఫ్రీక్వెన్సీలో ఉన్నారో చూపే ఆన్‌లైన్ జాబితాలో) నీ కాల్‌సైన్ చూసి మౌస్ నొక్కి వచ్చేవాళ్లంతా ఒకే పిచ్ మీద పడి గోల చేస్తారు. చెవితో ట్యూన్ చేసుకున్నవాడు మాత్రం 150, 200 హెర్ట్జ్ పక్కనుంచి పిలుస్తాడు. పైలప్‌లో, అంటే అందరూ ఒకేసారి పిలిచే ఆ గుంపులో, ముందు దొరికేది వాడే. 250 ఫిల్టర్ పెట్టావంటే మధ్య నుంచి అటు 125, ఇటు 125. అంతే, వాడు నీకు వినపడడు. నీకు చెవుడనుకుని వెళ్లిపోతాడు. విడిగా వినే పని చెవికే వదిలెయ్, వినే ఫ్రీక్వెన్సీని మాత్రమే జరిపే ఆర్‌ఐటీ నాబ్ మీద ఒక వేలుంచు.

నువ్వే ఇతరుల్ని వెతుక్కుంటూ వేటకి బయల్దేరినప్పుడూ వెడల్పుగానే తిప్పు. కావలసినవాడు తగిలాక 250కి మార్చు, రాసుకున్నాక మళ్లీ తెరువు. రెండు బటన్లకి ఈ రెండు వెడల్పులూ పెట్టుకుంటే చాలు.

ఇంకొకటి. 250లో ఉన్నా పక్కవాడు కీ కొట్టినప్పుడల్లా నీ సిగ్నల్ కుంగిపోతుంటే, ఇంకా బిగించి లాభం లేదు. వాడు రిసీవర్ మొదట్లో ఉండే రూఫింగ్ ఫిల్టర్‌లోకి దూరి, గెయిన్‌ని దానంతటదే సర్దే ఏజీసీని లాగేస్తున్నాడన్నమాట. రాత్రి 40 మీటర్ల బ్యాండ్‌లో సిగ్నల్‌ని పెంచే ప్రీయాంప్ తీసేసి, తగ్గించే అటెన్యుయేటర్ వెయ్, ఆర్‌ఎఫ్ గెయిన్ తగ్గించు. వాడి ట్రాన్స్‌మిటర్ పక్కలకి చిమ్మే కీ క్లిక్కులే నీ మీద పడుతుంటే ఏ ఫిల్టరూ ఆపలేదు, నువ్వే జరగాలి.

జూన్‌లో ఆల్ ఏషియన్ పోటీ సంగతి వేరు. మహేంద్రగిరి మీద ఉరుములు మొదలైతే ఇరుకు ఫిల్టర్ ప్రతి చిటపటనీ సాగదీస్తుంది. అప్పుడు వెడల్పే హాయి. ఆ పోటీలో 599 అనే సిగ్నల్ రిపోర్టుతో పాటు వయసు కూడా పంపాలి. నా అంకె రెండుసార్లు అడిగేవాళ్లున్నారు, అది ఫిల్టర్ తప్పు కాదులే!

అక్కని అడిగానని చెప్పు.

మావయ్య