వేలం ఫ్లాట్‌కు తాళం మార్చేదెలా?

ప్రశ్న: కూకట్‌పల్లిలో బ్యాంకు వేలంలో ఫ్లాట్ కొన్నాం. పాత యజమాని తాళంచెవులు ఇవ్వలేదు. తలుపు పగలగొట్టక తప్పదా?

జవాబు: తలుపు జోలికి వెళ్లే ముందు కాగితాలు చూడండి. అప్పు కట్టనివారి తనఖా ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునే వీలిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు నోటీసు అంటించి తీసుకున్నది ‘సింబాలిక్’ (కాగితం మీది) స్వాధీనమే అయితే తాళం ముట్టుకోవద్దు, కేసు మీ మెడకు చుట్టుకుంటుంది. సెక్షన్ 14 కింద మేజిస్ట్రేటు ఉత్తర్వు తెచ్చి తెరిపించాల్సింది బ్యాంకే. లోపలి సామాను పంచనామాలో రాయించండి. బియ్యం డబ్బా, పిల్లల పుస్తకాలు కూడా. అవి ఒక కుటుంబానివి.

ఫ్లాట్ నిజంగా స్వాధీనమయ్యాక, ఇక తాళం. మోర్టైజ్ లాక్ (తలుపు మందంలో ఇమిడి ఉండే తాళం) అయితే పెట్టె మొత్తం మార్చనక్కర్లేదు, చెవి పెట్టి తిప్పే భాగం, అంటే సిలిండర్ చాలు. చెవిరంధ్రం అడుగున, పిన్నుల వరసలో ముందు 3, తర్వాత 6 మి.మీ. బిట్‌తో డ్రిల్ చేసి స్క్రూడ్రైవర్‌తో తిప్పితే తలుపు తెరుచుకుంటుంది. తర్వాత తలుపు అంచున ఉన్న పొడవాటి స్క్రూ తీసి, సిలిండర్ మధ్యలోని నాలుకను (చెవితో పాటు తిరిగే చిన్న ముక్కను) లోపలికి సర్ది సిలిండర్‌ను లాగాలి. నాలుక కొద్దిగా పక్కకున్నా సిలిండర్ కదలదు. బలం ఉపయోగించకండి.

కొత్త సిలిండర్ కొనడానికి పాతదాన్ని స్క్రూ రంధ్రం మధ్య నుంచి రెండు వైపులా విడివిడిగా కొలవండి, 30+30, 35+35 మి.మీ. ఇలా. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. సిలిండర్ హ్యాండిల్ ప్లేటు బయటికి 3 మి.మీ. కన్నా ఎక్కువ పొడుచుకొస్తే దొంగ పట్టకారుతో పట్టి విరిచేస్తాడు. స్క్రూ రంధ్రం దగ్గర లోహం పలచగా ఉంటుంది మరి.

తాళం బిగుసుకుంటే కొబ్బరినూనె పోయకండి, దుమ్ము పేరుకుంటుంది. గ్రాఫైట్ పొడి వేయండి.