కణంలో దాక్కునే బ్యాక్టీరియాపై పరిశోధన చేస్తానంటోంది!

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ రెండో సంవత్సరం. క్షయ బ్యాక్టీరియా మన కణాల్లోనే ఎలా దాక్కుంటుందో చదివినప్పటి నుంచి పరిశోధనే చేస్తానంటోంది. బంధువులేమో బీఈడీ చేయించమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ అమ్మాయిని పట్టుకున్న ప్రశ్న చిన్నది కాదు. మాక్రోఫేజ్ అనే రక్షక కణం క్షయ బ్యాక్టీరియాను మింగి ఒక సంచిలో బంధిస్తుంది. ఆ సంచి, కణంలో అరిగించే రసాలుండే లైసోజోమ్‌తో కలిస్తే లోపలిది అరిగిపోవాలి. ఈ బ్యాక్టీరియా ఆ కలయికనే అడ్డుకుని, తనను చంపాల్సిన ఇంట్లోనే కాపురం పెడుతుంది. సాల్మొనెల్లా అనే మరో బ్యాక్టీరియా సూదిలాంటి నిర్మాణంతో తన ప్రోటీన్లను ఎక్కించి, పేగు కణం చేతే తలుపు తీయించుకుంటుంది. లిస్టీరియా అనే ఇంకో బ్యాక్టీరియా సంచిని చించుకుని బయటపడి, కణంలోని యాక్టిన్ అనే ప్రోటీన్‌నే తోకగా అల్లుకుని పక్క కణంలోకి దూరుతుంది.

చూశారా, కథలో సగం బ్యాక్టీరియాది, సగం కణానిది. అందుకే ఎమ్మెస్సీకి మైక్రోబయాలజీయే కావాలని పట్టుబట్టవద్దు. కణజీవశాస్త్రం, ఇమ్యునాలజీ (రోగనిరోధక శాస్త్రం) బాగా చెప్పే చోటు నాకు ముఖ్యం. ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షలైన జామ్, గ్యాట్-బీ, సీయూఈటీ పీజీ రాయించండి. ఆపై సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000 ఫెలోషిప్. పరిశోధన సంస్థల్లో హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ, బెంగళూరులోని ఐఐఎస్‌సీ ఈ రంగంలో పేరున్నవి.

నా అనుమానమల్లా ఓపిక గురించే. పని ఇలా ఉంటుంది: కణాలు పెంచి, వాటిపై సాల్మొనెల్లాను వేస్తారు. కాసేపయ్యాక జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ పోస్తారు. ఆ మందు కణంలోకి అంతగా వెళ్లదు కాబట్టి బయట మిగిలినవే చస్తాయి. తర్వాత కణాలను పగలగొట్టి ఆ ద్రవాన్ని బ్యాక్టీరియా పెరిగే జెల్లీలాంటి అగర్ మీద పూస్తే, లోపల దాక్కున్నవి మర్నాటికి చుక్కలుగా లేస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి. క్షయ బ్యాక్టీరియా అయితే ఆ చుక్కల కోసం మూడు నాలుగు వారాలు ఎదురుచూడాలి. పీహెచ్‌డీకి అయిదారేళ్లు పడుతుంది. ఈలోగా పెళ్లి మాటలు వస్తాయి, ఆ ఒత్తిడి మీరే కాయాలి.

బీఈడీ ఎక్కడికీ పోదు, తర్వాతైనా చేయవచ్చు. ముందు సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయించండి. రెండు నెలలు నిజమైన ప్రయోగశాలలో ఉండి వస్తుంది. వచ్చాక ఫలితాల గురించి అడగకండి, పెంచిన కణాలన్నీ చచ్చిపోయిన రోజు ఏం చేసిందో అడగండి.