ర్యామ్ పెంచుకోవచ్చని చెప్పి ల్యాప్‌టాప్ అమ్మారు... ఇప్పుడు కుదరదంటున్నారు

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ రెండో సంవత్సరం, కంప్యూటర్స్. ఎనిమిది నెలల కిందట ఇక్కడి షాపులోనే రూ.46,000 పెట్టి ల్యాప్‌టాప్ కొన్నాను. కొనేముందు 8 జీబీ ర్యామ్ సరిపోతుందా అని వాట్సాప్‌లో అడిగితే, 'ఇంకో స్లాట్ ఖాళీగా ఉంది సార్, ఎప్పుడంటే అప్పుడు 16 చేసుకోవచ్చు' అని షాపువాళ్లు జవాబిచ్చారు. ఇప్పుడు పెద్దగా ఏమీ తెరవకపోయినా మెమరీ 80 శాతం వాడుకలో ఉన్నట్టు చూపిస్తోంది. పైగా 8 జీబీలో 7.3 మాత్రమే వాడుకోవచ్చట. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే, ర్యామ్ బోర్డుకే అతికించి ఉంది, పెంచడం కుదరదన్నారు. షాపువాళ్లు పట్టించుకోవడం లేదు. చీటింగ్ కేసు పెట్టొచ్చా? డబ్బు వెనక్కి వస్తుందా?
- ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: మీకున్న మూడు బాధల్లో రెండు కేసుకు పనికిరావు. మూడోది గట్టిది. మూడూ కలిపి రాస్తే అవతలి లాయరు బలహీనమైన రెండింటినీ పట్టుకుని మొత్తం ఫిర్యాదునే పలచన చేస్తాడు. అందుకే ముందు వాటిని పక్కన పెడదాం.

మెమరీ 80 శాతం చూపించడం లోపం కాదు. మీరు ఏమీ తెరవకపోయినా విండోస్, దాని వెనక నడిచే ప్రోగ్రామ్‌లే 8 జీబీలో పెద్ద భాగం వాడుకుంటాయి. అందువల్ల శాతం ఒక్కటే చూసి టెన్షన్ పడకండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, ఆ తర్వాత మెమరీ. అక్కడ 'అవైలబుల్' ఎంత ఉందో చూడండి. అమ్మాయి రోజూ చేసే పని చేస్తున్నప్పుడు అది బాగా అడుగంటిపోయి, 'కమిటెడ్' అనే అంకె (ప్రోగ్రామ్‌లన్నీ కలిపి కోరిన మెమరీ) 8 జీబీని దాటిపోయి, ఒక్కో క్లిక్‌కూ మిషన్ ఆగి ఆగి నడుస్తుంటే అప్పుడు ర్యామ్ నిజంగా చాలడం లేదని అర్థం. బ్రౌజర్‌లో పాతిక ట్యాబులు తెరిచి ఉంచడం వల్ల అలా అవుతుంటే అది ట్యాబులు మూస్తే తీరే సమస్య.

7.3 సంగతి కూడా అంతే. టాస్క్ మేనేజర్‌లోనే 'హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్' అని ఉంటుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లలో తెర మీద బొమ్మ చూపించడానికి ర్యామ్‌లోంచే కొంత పక్కకు తీసి పెడతారు. మీకు తగ్గింది దాదాపు అదే. బిల్లులో రాసిన 8 జీబీ మిషన్‌లో ఉంది కాబట్టి ఇక్కడ మోసం లేదు. అదే బిల్లులో 16 రాసి లోపల 8 ఉంటే నా జవాబు వేరుగా ఉండేది.

ఇక అసలు విషయం, ఆ వాట్సాప్ జవాబు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 2(10) లోపం అంటే ఏమిటో చెబుతుంది. వస్తువు పాడైపోవడమే లోపం అని అనుకుంటారు చాలామంది. కాదు. అమ్మినవాడు ఏ రూపంలోనైనా సరే ఏ ప్రమాణం ఉందని చెప్పాడో అది లేకపోవడం కూడా లోపమే. 'ఏ రూపంలోనైనా' అన్నారు కాబట్టి ప్రకటనో, బిల్లో అక్కర్లేదు, నోటిమాట కూడా చాలు. కానీ నోటిమాటను రుజువు చేయడం కష్టం. మీకు రాతలో ఉంది. పైగా అది మీరు కొనకముందు, మీరు సూటిగా అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు. ఆ మాట నమ్మే మీరు కొన్నారనడానికి ఇంతకంటే ఏం కావాలి? లేని నాణ్యత ఉందని చెప్పి అమ్మడం సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి కూడా అవుతుంది.

ఈ వారమే చేయాల్సిన పనులు ఉన్నాయి. ఆ చాట్‌ను చెరిపేయకండి, ఫోన్ మార్చకండి. స్క్రీన్‌షాట్లు తీయండి, తేదీ, షాపు నంబరు కనిపించాలి. ప్రింటుతో పాటు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రుజువులకు ఇచ్చే సర్టిఫికెట్ జతచేస్తే ఆ రుజువు మీద పేచీ తగ్గుతుంది. సర్వీస్ సెంటర్‌వాళ్లు నోటితో చెప్పింది చాలదు. జాబ్ షీట్ (రిపేరుకు ఇచ్చినప్పుడు వాళ్లు రాసే కాగితం) మీద 'ర్యామ్ బోర్డుకు అతికించి ఉంది, పెంచడం వీలుకాదు' అని రాయించుకోండి. ఈ కేసులో అన్నిటికన్నా విలువైన కాగితం అదే. తయారీ కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ నంబరు కొట్టి మెమరీ వివరాల పేజీ కూడా ప్రింట్ తీయండి. అక్కడ పెంచలేమని రాసి ఉంటే కంపెనీ నిజమే చెప్పినట్టు. అప్పుడు దాన్ని కేసులోకి లాగకండి, తప్పు మాట చెప్పింది షాపు.

తర్వాత షాపుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజుల గడువివ్వండి. చట్టం ప్రకారం నోటీసు తప్పనిసరి కాదు గానీ చాలా షాపులు ఆ దశలోనే దిగివస్తాయి. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. అప్పటికీ కదలకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా వేయొచ్చు. కొన్న ధర రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయరు ఉండాలన్న నిబంధన కూడా లేదు. వస్తువును ల్యాబులో పరీక్షించాల్సిన పని లేకపోతే మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. వాస్తవంలో అంతకంటే ఎక్కువే పడుతుంది, దానికి సిద్ధపడండి.

ఏం కోరాలి? సెక్షన్ 39 కింద మార్పిడి, ధర వాపసు, పరిహారం మూడూ అడగొచ్చు. నా సలహా, ర్యామ్ పెంచుకునే వీలున్న అదే స్థాయి మోడల్ ఇవ్వమనండి, అది కుదరకపోతే ధర వాపసు అడగండి. ఎనిమిది నెలలు వాడారు కాబట్టి కొంత కోత పడొచ్చు. మానసిక వేదనకు లక్షలు రాయకండి. రూ.46,000 వస్తువుకు అలాంటి అంకె చూస్తే మీ నిజమైన నష్టం మీద కూడా అనుమానం వస్తుంది.

చీటింగ్ కేసు వద్దు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 ప్రకారం మొదటినుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి. కౌంటర్లో కుర్రాడు తెలియక చెప్పాడంటే అక్కడితో ఆగిపోతుంది. కమిషన్ ముందు ఆ సాకు నిలవదు, తెలిసి చెప్పినా తెలియక చెప్పినా లోపం లోపమే.

అమ్మాయి చదువు మాత్రం కేసు కోసం ఆగకూడదు. ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోను ఎమ్యులేటర్‌తో (కంప్యూటర్‌లోనే నడిచే నకలు ఫోన్) నడపాలంటే 16 జీబీ కావాలని గూగులే చెబుతోంది, అక్కడ 8 తో కష్టమే. ఎమ్యులేటర్ బదులు తన ఫోన్‌నే కేబుల్‌తో కలిపి యాప్ పరీక్షించుకోమనండి, భారం చాలా తగ్గుతుంది. పైథాన్, సీ, వెబ్ పనులకు 8 జీబీతో నెట్టుకురావచ్చు.

ఫిర్యాదుకు సెక్షన్ 69 రెండేళ్ల గడువు ఇస్తుంది. కొన్న తేదీ నుంచి లెక్కేసుకుంటే మీకు ఇంకా 16 నెలలు ఉంది. అయినా జాబ్ షీట్ మాత్రం ఈ వారమే తీసుకోండి.