మేనకోడలికి మామయ్య ఉత్తరం: ఫోల్డరులోని ఫైళ్లు, రెండు చుక్కలు

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. గ్రంథాలయం వెబ్‌సైట్‌లో డీఎస్సీ, గ్రూప్-2 పాత ప్రశ్నపత్రాలు పెడుతున్నావని, కొత్త పత్రం వచ్చినప్పుడల్లా లింకు చేత్తో రాయలేక విసిగిపోయావని తెలిసి నవ్వుకున్నాను. ఆ చాకిరీ సర్వరుకు అప్పగించు. సర్వరులో నడిచే పీహెచ్‌పీ భాషలో స్కాన్‌డిర్ (scandir) అనే ఫంక్షన్ ఉంది. ఫోల్డరు దారి చెబితే, లోపల ఉన్న పేర్లన్నీ అక్షరక్రమంలో తెచ్చిపెడుతుంది.

తొలిసారి నడపగానే జాబితా మొదట్లో ఒక చుక్క, ఆ కింద రెండు చుక్కలు కనిపిస్తాయి. ఒక చుక్క అంటే ఆ ఫోల్డరే, రెండు చుక్కలంటే దాని పై ఫోల్డరు. ఇది ఫైలేనా కాదా అని చెప్పే ఈజ్-ఫైల్ (is_file) ఫంక్షన్‌తో పరీక్షిస్తే రెండూ రాలిపోతాయి. కానీ స్కాన్‌డిర్ ఇచ్చేది ఉత్త పేరే. దాని ముందు ఫోల్డరు దారి అతికించకుండా ఈజ్-ఫైల్‌ను అడిగితే, కళ్లెదుట ఉన్న ఫైలును కూడా లేదంటుంది. ఈ సంగతి తెలియక నేను ఒక పూటంతా ఖాళీ పేజీ చూస్తూ కూర్చున్నాను.

పీడీఎఫ్‌లు మాత్రమే చూపించు. ఫైలు పేరు చివర చుక్క తర్వాత వచ్చే pdf అనే పొడిగింపును చిన్నక్షరాల్లోకి మార్చాకే పోల్చు. కొన్ని స్కానర్లు దాన్ని పెద్దక్షరాల్లో పెడతాయి. వరస సంగతికొస్తే, పదో పేపరు రెండో పేపరు కంటే ముందు వచ్చి కూర్చుంటుంది. అంకెలను సంఖ్యలుగా చూసి వరస పెట్టే నాట్‌సార్ట్ (natsort) వాడితే సర్దుకుంటుంది.

ఎవరో ‘గణితం #2’ అని పేరు పెట్టి ఫైలు పంపుతారు. ఆ పేరును ఉన్నదున్నట్టు లింకులో పెడితే బ్రౌజరు # దగ్గరే ఆగి, ‘గణితం’ వరకే అడుగుతుంది. ఫైలు దొరకదు. అందుకే లింకులో పెట్టే పేరును, అలాంటి గుర్తులను శాతం గుర్తున్న సంకేతాలుగా మార్చే రా-యుఆర్‌ఎల్-ఎన్‌కోడ్ (rawurlencode) గుండా పంపాలి. అప్పుడు ‘క’ ఒక్కటే శాతం గుర్తులతో కలిపి తొమ్మిది అక్షరాలవుతుంది, బెదిరిపోకు. తెర మీద చూపించే పేరుకు మాత్రం, < లాంటి గుర్తులను బ్రౌజరు ట్యాగులనుకోకుండా చూసే హెచ్‌టీఎంఎల్-స్పెషల్-చార్స్ (htmlspecialchars) వాడాలి. ఒకదాని పని రెండోది చేయదు.

ఇక నాకు భయమున్న చోటు. సంవత్సరాన్ని బట్టి ఫోల్డరు మారేలా పేజీ చిరునామా (యుఆర్‌ఎల్)లోంచి దాని పేరు తీసుకుంటానన్నావు. 2019 అని ఉన్న చోట ఎవడైనా రెండు చుక్కలు, ఒక ఏటవాలు గీత (../) కొట్టి పై ఫోల్డరులోకి ఎక్కిపోతాడు. వచ్చిన పేరును నేరుగా స్కాన్‌డిర్‌కు ఇవ్వకు. ఏయే సంవత్సరాలు ఉన్నాయో నీ స్క్రిప్టులో నువ్వే రాసిపెట్టుకో. అందులో లేనిది ఏదడిగినా లేదని చెప్పు.

ఫోల్డరులో తొలి పేజీగా చూపే ఇండెక్స్ ఫైలు లేకపోతే, పేజీలు అందించే సర్వరు సాఫ్ట్‌వేర్ అపాచీ కూడా ఫోల్డరును తనంతట తాను జాబితాగా పరిచేయగలదు. నేను పనిచేసిన ఒక చోట ప్రకటనల పక్కనే జీతాల పట్టిక అలా బయటపడింది. ఎవరి జీతం ఎంతో ఆ సాయంత్రానికి క్యాంటీన్‌లో అందరికీ తెలిసిపోయింది! అపాచీ సెట్టింగుల్లో ఆప్షన్స్ మైనస్ ఇండెక్సెస్ (Options -Indexes) అని ఒక్క వరస రాస్తే ఆ బెడద ఉండదు.

పేజీ సిద్ధమయ్యాక చిరునామాలో సంవత్సరం బదులు ఆ రెండు చుక్కలు నువ్వే కొట్టి చూడు. ఏం కనిపించిందో రాత్రికి ఫోను చేసి చెప్పు.

మీ మామయ్య