కాంట్ దేవుణ్ణి మళ్లీ ఎందుకు తెచ్చాడు?

1781లో ‘క్రిటిక్ ఆఫ్ ప్యూర్ రీజన్’లో దేవుణ్ణి రుజువు చేయలేమన్న జర్మన్ తత్వవేత్త కాంట్, 1788లో ‘క్రిటిక్ ఆఫ్ ప్రాక్టికల్ రీజన్’లో దేవుడిపై విశ్వాసం కావాలనడం వైరుధ్యం కాదా అని అడిగారు. రెండు వేర్వేరు ప్రశ్నలను ఒకటిగా చదవడం వల్లే ఈ చిక్కు.

1. ‘ఏం చేయాలి?’ దీనికి బుద్ధే జవాబిస్తుంది.
2. ‘దేనికి ఆశపడవచ్చు?’ దేవుడు వచ్చేది ఇక్కడ.

చాలామంది దాటేసేది ఈ తేడానే. ఉరి తీస్తానని రాజు బెదిరించినా నిర్దోషిపై అబద్ధపు సాక్ష్యం చెప్పకూడదు. స్వర్గం లేకపోయినా ఆ విధి అణుమాత్రం సడలదు. కానీ అలా అబద్ధం చెప్పనన్న మంచివాడి కథ ఉరికంబంతోనే ముగిస్తే సద్గుణానికి తగిన సుఖం దక్కేదెప్పుడు? అది సాధ్యమేనని నమ్మడానికే దేవుడు, ఆత్మ అమరత్వం. రుజువులుగా కాదు, విశ్వాసాలుగా.

1788 గ్రంథంలో ముందు ‘అనలిటిక్’ (నైతిక నియమాన్ని వివరించే భాగం), తర్వాతే ‘డయలెక్టిక్’ (దేవుడు, అమరత్వం చర్చకు వచ్చే భాగం) చదవండి. మొదటి భాగంలో నీతి దేవుడి ఆసరా లేకుండానే నిలబడుతుంది.