పేరు ఎక్కడ రాయాలి?

ప్రశ్న: నమస్తే అమ్మా. మా ఊరి బళ్ళో పనిచేసి రిటైరైన లెక్కల సారు ముప్పై ఏళ్లుగా గోదావరి గట్టు మీదా, పొలాల్లోనూ తిరిగి కుండ పెంకులు, పూసలు, పాత నాణేలు ఏరి, చాలావరకు మ్యూజియానికి అప్పగించారు. ఊరి తరఫున ఆయనకు సన్మానం చేద్దామని కమిటీ వేసుకున్నాం. అందులో ఒకరు "ఆయనేం చరిత్ర చదివినవాడు కాదు, పురావస్తు శాఖ ఆఫీసర్లను పిలిచి సత్కరిస్తే ఊరికి పేరొస్తుంది" అని పట్టుబడుతున్నారు. మీరేమంటారు?
— ఒక పాఠకుడు, పెద్దపల్లి జిల్లా

జవాబు: సారును పిలవండి, ఆఫీసర్లనూ పిలవండి. ఇద్దరినీ ఒకే వేదిక మీద, ఒకే వరసలో కూర్చోబెట్టండి.

మీకు దగ్గర్లోనే ఉన్న కోటిలింగాల సంగతి మీ కమిటీకి చెప్పండి. పెద్దవాగు గోదావరిలో కలిసే ఆ ఊళ్లో నేల మీద దొరికిన నాణేలను ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరి శర్మ గారు సేకరించారు. ఠాకూర్ రాజారాం సింగ్ గారు అదే ప్రాంతంలో దిబ్బ దిబ్బా తిరిగారు. వీళ్లలో ఎవరికీ తవ్వకాలు ఉద్యోగం కాదు. ఆ నాణేలు శాసనాల పండితుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారి చేతికి చేరాయి. ఆయన వాటి మీది బ్రాహ్మీ అనే పాత లిపి అక్షరాలు చదివితే గోబద, నారన, కంవాయ, సమగోప లాంటి రాజుల పేర్లు బయటపడ్డాయి. పురాణాలు ఆంధ్ర రాజుల్లో, అంటే శాతవాహనుల్లో మొదటివాడిగా చెప్పే సిముకుడి పేరు కూడా "చిముక" అని నాణెం మీదే కనిపించింది. తర్వాత వి.వి. కృష్ణశాస్త్రి గారి ఆధ్వర్యంలో పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. ఏరినవాళ్లు లేకపోతే చదివేవారికి నాణెం లేదు. చదివేవారు లేకపోతే అది ఏ కంసాలి మూసలోనో కరిగిపోయేది.

నాగార్జునకొండ కథ కూడా ఇలాంటిదే. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు అక్కడొక పాత స్తంభం చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. శాసన విభాగం నుంచి రంగస్వామి సరస్వతి గారు వచ్చి చూశారు. 1927 నుంచి 1931 దాకా పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వారు. నాగార్జునసాగర్ ఆనకట్ట నీళ్లు లోయను ముంచేలోగా 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం గారి బృందం ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురిని వెలికితీసింది. ఇప్పుడు దీవిగా మారిన ఆ కొండ మీది మ్యూజియానికి లాంచీలో వెళ్లేవాళ్లలో ఆ పంతులు గారి పేరు విన్నవాళ్లు ఎందరు? నాకు బాధ కలిగేది ఇక్కడే.

నేను ముప్పై ఒక్క ఏళ్లు ఒక మ్యూజియంలో రిజిస్టర్లు రాశాను. పెంకు వస్తే ముందు కడిగి, నీడలో ఆరబెట్టి, లోపలి వైపు ఒక మూల కాస్త వార్నిష్ పూసేవాళ్లం. అది ఆరాక సన్న పాళీతో, నల్ల ఇంకుతో నంబరు వేయాలి. ఊరు, గుంట, మట్టి పొర అన్నీ ఆ గింజంత జాగాలో పట్టాలి. ఆ అక్షరాలు చెరిగిపోతే అది ఉత్త పెంకే. రిజిస్టర్లో మాత్రం "ఎలా వచ్చింది" అనే గడి ఉండేది. అందులో నాకంటే ముందువాళ్లు వందల చోట్ల "బహుమతి" అని రాసి వదిలేశారు. ఒకసారి ఒక పెద్దాయన మనవణ్ణి వెంటబెట్టుకుని వచ్చి, తాను ఎడ్లబండి మీద తెచ్చిచ్చిన వీరగల్లును, అంటే పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయిని, చూపించమన్నాడు. రాయి దొరికింది గానీ చీటీ మీద ఆయన పేరు లేదు. మనవడు చీటీని రెండుసార్లు చదివి తాత ముఖంలోకి చూశాడు. ఆ మర్నాడే పాత ఫైళ్లు దించి, ఆయన రాసిన కార్డు వెతికి పట్టుకుని గడి నింపాను. అప్పటికి ఆయన ఊరెళ్లిపోయాడు.

అందుకే శాలువా కప్పండి, కాదనను. కానీ దానితో పాటు మ్యూజియానికి ఊరి తీర్మానంతో ఒక ఉత్తరం రాయండి: సారు ఇచ్చిన వస్తువుల నంబర్ల పక్కన, ప్రదర్శనలో ఉన్న వాటి చీటీల మీద ఆయన పేరు రాయమని అడగండి. ఆయన నోటుపుస్తకాలు ఉంటే ఇప్పుడే స్కాన్ చేయించండి. ఏ పొలంలో, ఏ వాన తర్వాత ఏది దొరికిందో ఆయనకు మాత్రమే తెలుసు. ఆయన దగ్గర మిగిలినవి ఉంటే జాబితా రాసి అవి కూడా అప్పగించమనండి. పది రూపాయల విలువ దాటిన నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టమే చెబుతోంది. ఆయన మీద రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదు.

ఇంకొక్క మాట. ఆఫీసర్లను సత్కరించేటప్పుడు శాసనాల అచ్చులు తీసేవాళ్లను మరిచిపోకండి. ఎర్రటెండలో రాతి మీద తడి కాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి కొట్టి అక్షరాల గుంటల్లోకి దింపి, పైన సిరా అద్దుతారు. పండితులు చదివేది ఆ కాగితమే. వాళ్లకూ ఒక కుర్చీ వేయండి.

ప్రశ్న: మా చెలకలో ట్రాక్టరుకు అడ్డం పడ్డ రాయి మీద అక్షరాలున్నాయి. యాసిడ్‌తో కడిగి, అక్షరాలకు ఎనామిల్ పెయింట్ వేసి గుడి ముందు నిలబెట్టాలనుకుంటున్నాం. పర్వాలేదా?
— ఒక రైతు, నల్గొండ జిల్లా

జవాబు: దయచేసి ఆ పని చేయొద్దు. యాసిడ్ రాతిని తినేస్తుంది. పెయింట్ వేస్తే మీరు అక్షరం అనుకున్న గీతే అక్షరంగా మిగిలిపోతుంది, అసలుది కనబడదు. మంచి నీళ్లు పోసి మెత్తటి కుంచెతో మట్టి తీయండి, చాలు. పొద్దు వాలే వేళ ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు, పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీయండి. రాయిని కదపకుండా తహసీల్దారుకూ, పురావస్తు శాఖకూ రాతపూర్వకంగా తెలపండి. సర్వే నంబరు, తేదీ వేయండి. మీ ఉత్తరంలో రాయి సంగతి ఉంది గానీ, అక్షరాలు చూసి ట్రాక్టరు ఆపిన డ్రైవరు పేరు లేదు. అర్జీలో అది కూడా రాయండి.