టైమ్ చూద్దామని ఫోన్ తీస్తే...

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. ఆఫీసు మెయిల్, ఇంట్లోవాళ్ల గ్రూపులు, అలారం, లెక్కలు, కొనాల్సిన సరుకుల జాబితా, అన్నీ ఫోన్‌లోనే. రాత్రి అలారం పెట్టుకుందామని తీస్తే గంట పోతోంది. పొద్దున అలారం ఆపిన చేత్తోనే మెసేజీలు చూస్తున్నాను. ఒకటే టెన్షన్. పాత బటన్ల ఫోన్‌కి మారిపోనా?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: ఆ పని నేను చేసి చూశానండీ. పదకొండు రోజులు. మొదటి మూడు రోజులు హాయిగానే గడిచాయి. నాలుగో రోజు మ్యాప్ లేక దారి తప్పాను. ఆ తర్వాత బ్యాంకు పని ఒకటి ఆగిపోయింది. ఇక మా ఆవిడ ఫోన్ అడిగి తీసుకోవడం మొదలైంది. పదో రోజుకల్లా ఆవిడ ఫోన్ నా జేబులో, నా బటన్ల ఫోన్ ఆవిడ చేతిలో! మర్నాడు ఆవిడే నా పాత ఫోన్ బయటికి తీసి చార్జింగ్ పెట్టింది.

కాబట్టి ఫోన్ మార్చకండి. దాని దగ్గరున్న చిన్న చిన్న పనులు లాగేసుకోండి. మీ ఉత్తరంలోనే ఉంది చూడండి, మీ గంట పోయింది అలారం కోసం తీసినప్పుడు.

అందుకని ముందు ఒక టేబుల్ గడియారం కొనండి. మామూలు బ్యాటరీ గడియారం చాలు. లోపల చిన్న క్వార్ట్జ్ ముక్క సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ అంకెను పదిహేనుసార్లు సగం చేస్తే మిగిలేది ఒకటి. అలా ముల్లు సెకనుకోసారి కదులుతుంది. ఇంత లెక్క చేసి కూడా అది చెప్పేది టైమ్ ఒక్కటే, ఎవరు ఏ ఫొటో పెట్టారో చెప్పదు. కొనేముందు చెవి దగ్గర పెట్టుకుని వినండి. నేను వినకుండా కొన్నాను. టిక్‌టిక్ భరించలేక తువ్వాల్లో చుట్టి పడుకుంటే పొద్దున అలారమూ వినపడలేదు.

ఫోన్ పక్క గదిలో ఉండాలి. అర్ధరాత్రి అర్జెంటుగా ఎవరైనా చేస్తే ఎలా అంటారా? మీరు ఎంచుకున్న నంబర్లు మాత్రమే మోగేలా పెట్టుకోవచ్చు, ఆ సెట్టింగు ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంది.

సరుకుల జాబితాకు చీటీ, పెన్సిల్. లెక్కలకు చిన్న క్యాలిక్యులేటర్. మెయిల్, గ్రూపులు ఫోన్‌లోనే ఉండనివ్వండి.

ఇదంతా మీకు నిగ్రహం లేకే అని మాత్రం అనుకోకండి. ఒకప్పుడు పేజీ చివర 'తర్వాతి పేజీ' అని నొక్కాల్సి వచ్చేది. అక్కడ క్షణం ఆగేవాళ్లం, ఇక చాల్లే అనిపించేది. 2006లో అజా రాస్కిన్ అనే డిజైనర్ ఆ నొక్కుడు అక్కర్లేకుండా, వేలు కదిపే కొద్దీ పేజీ సాగేలా చేశారు. తర్వాత ఆయనే అందుకు బాధపడ్డారు.

ప్రశ్న: నోట్‌బుక్‌లో రాసుకుంటే కావలసినప్పుడు వెతికేదెలా? ఫోన్‌లో అయితే ఒక్క మాట కొడితే దొరుకుతుంది.
– మరో పాఠకుడు

జవాబు: నిజమే, ఈ విషయంలో ఫోన్‌దే పైచేయి. నేనైతే పేజీలకు నంబర్లు వేసి, చివరి రెండు పేజీలు విషయసూచికకు వదిలేస్తాను. నంబర్లు కొన్న రోజే వేసేయండి, తర్వాత వేద్దామనుకుంటే వేయం. ఇంత చేసినా నా 2019 నోట్‌బుక్ ఇప్పటికీ దొరకలేదు. సూచిక కూడా దాంట్లోనే ఉంది మరి.